చూసిన సినిమాకి మార్కులు ఎలా వెయ్యాలి: ఐదుకా, పదికా, ఒక్క మాటలోనా?

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఆ సినిమా ఎలా ఉందిరా? వెళ్లమంటావా?" అప్పటికి రెండ్రోజుల ముందే చూసొచ్చాను. "మూడున్నర ఇవ్వొచ్చు పెద్దమ్మా, హాయిగా వెళ్లు" అన్నాను. వెళ్లింది. మోకాళ్ల నొప్పితోనే బాల్కనీ మెట్లెక్కి, సెకండాఫ్‌లో సగం సేపు కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని కూర్చుని వచ్చింది. ఆ నరుకుళ్లు, ఆ నెత్తురు ఆవిడ చూడలేదు. చూడలేదని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. సాయంత్రం ఫోన్లో "బాగుందన్నావు కదరా" అని ఒక్క మాటంది.

నేనిచ్చిన మూడున్నర తప్పు కాదు. ఇవాళ అడిగినా ఆ సినిమాకి అంతే ఇస్తాను. కానీ ఆవిడ అడిగింది "నేను వెళ్లొచ్చా?" అని. నేను చెప్పింది "నాకెంత నచ్చింది" అని. ఆవిడ అడిగినదానికి నేను జవాబే చెప్పలేదు.

పదకొండేళ్లుగా చూసిన ప్రతి సినిమా గురించీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. ఇన్నేళ్లలో మార్కులేసే పద్ధతి నాలుగుసార్లు మార్చాను. పదికి వేశాను, ఐదుకి పావులతో వేశాను, కొన్నాళ్లు అసలు అంకెలే మానేశాను. ఈమధ్య చూసిన సినిమాల గురించి స్నేహితులతో, చుట్టాలతో అభిప్రాయం పంచుకోవాలనుకునేవాళ్లకి ఏ పద్ధతి దేనికి పనికొస్తుందో, ఏది ఎక్కడ దెబ్బతీస్తుందో నాకు తెలిసినంతలో చెప్తాను.

ఎవరి కోసం వేస్తున్నాం?

ఏ స్కేలు మంచిదని అడిగేముందు ఈ ప్రశ్న తేల్చుకోవాలి. సినిమా చూసొచ్చాక మన మాట ముగ్గురికి పనికొస్తుంది. ఒకటి, రేపటి మనకే. రెండేళ్ల తర్వాత "ఆ సినిమా చూశానా, ఎలా ఉంది?" అని వెతుక్కునే మనకి. రెండు, వెళ్లాలా వద్దా అని అడిగేవాళ్లకి. మూడు, అదే సినిమా చూసొచ్చి మనతో మాట్లాడాలనుకునేవాళ్లకి.

మొదటివాళ్లకి అంకె కావాలి. రెండోవాళ్లకి నిర్ణయం కావాలి. మూడోవాళ్లకి అంకె చెప్తే మాట అక్కడే తెగిపోతుంది. "నేను మూడిచ్చా, నువ్వు నాలుగిచ్చావా" అన్నాక ఇంక మాట్లాడేదేముంటుంది? వాళ్లతో ఒక సీను గురించి మాట్లాడాలి. మా బావా నేనూ ఇరవయ్యేళ్లుగా సినిమాల మీద వాదించుకుంటూనే ఉన్నాం. ఒక్కసారి కూడా మార్కుల మీద వాదించుకోలేదు. "ఇంటర్వెల్ ముందు ఆ అమ్మాయి తలుపు వేసుకుందే, అక్కడ డైలాగ్ అక్కర్లేదు" అని వాడంటాడు. అక్కడ మొదలైతే రెండు టీలు అయిపోతాయి.

ఐదుకి, పావుల లెక్క

తెలుగు రివ్యూలు చదివేవాళ్లందరికీ అలవాటైన లెక్క ఇది. 2.25, 2.5, 2.75, 3, 3.25. నేను చూసినంతలో మన సినిమాల్లో నూటికి తొంభై ఈ ఐదు మెట్ల మీదే నిలబడి ఉంటాయి. అలవాటున్న పాఠకుడు వీటిని అంకెలుగా చదవడు, మాటలుగా చదువుతాడు. 2.5 అంటే తేలిపోయింది. 2.75 అంటే అభిమానులకి ఓకే, మిగతావాళ్లకి కష్టం. 3 అంటే ఒకసారి చూడొచ్చు. 3.25 దాటితే టికెట్లు తెగుతాయి.

ఈ లెక్కలో ఒక సౌకర్యం ఉంది. తెలుగువాళ్లకి చెప్తే వివరించక్కర్లేదు. "టూ సెవెంటీఫైవ్" అనగానే అవతలివాళ్లకి బొమ్మ కనబడిపోతుంది. ఇబ్బంది ఏంటంటే, ఆ పావు తేడా మనం నిజంగా పట్టగలమా అన్నది. పరీక్ష చాలా తేలిక. నెల తర్వాత మీరు 2.75 ఇచ్చిన సినిమా ఒకటి, 3 ఇచ్చింది ఒకటి తీసి, పేర్లు మాత్రం చూసి ఏది మెరుగో చెప్పండి. నేను ఒక సంవత్సరం మొత్తం నా పుస్తకంలో ఇలా చూసుకున్నాను. సగం జంటల్లో తిరగబడింది. అంటే ఆ పావు సినిమాలో లేదు, ఆ రోజు నా మూడ్‌లో ఉంది. రోజూ రివ్యూలు రాసేవాళ్లకి అది సాధ్యమేమో. నెలకి మూడు నాలుగు సినిమాలు చూసేవాళ్లకి మాత్రం పావులొద్దని గట్టిగా చెప్తాను.

పదికి

పదికి మార్కులేస్తే వెసులుబాటు ఎక్కువ ఉంటుందనిపిస్తుంది. నిజానికి తక్కువ. మనందరం బడిలో మార్కులు చూసి పెరిగినవాళ్లం. పాస్ మార్కులు ముప్పై అయిదే అయినా, అరవై వస్తే ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. అదే అలవాటు సినిమాకీ వచ్చేస్తుంది. బాగుంటే ఎనిమిది, ఫర్వాలేదంటే ఏడు, బాగోకపోతే ఆరు. ఒకటి నుంచి అయిదు దాకా మెట్లన్నీ ఖాళీ. నా పాత పుస్తకంలో మొదటి రెండేళ్లూ పదికి వేశాను. నూట అరవై చిల్లర సినిమాల్లో అయిదుకంటే తక్కువ వచ్చినవి తొమ్మిదే ఉన్నాయి. అవన్నీ మంచి సినిమాలై కాదు, అంత కింద మార్కు వెయ్యడానికి చెయ్యి రాక.

పదికి వేస్తే ఒక్క లాభం: ఐఎమ్‌డీబీ అనే సినిమా రేటింగుల సైట్‌లో ఖాతా ఉంటే అక్కడి స్కేలూ పదే కాబట్టి అటూ ఇటూ మార్చుకోనక్కర్లేదు.

ఐదుకి, అరలతో

నేను చివరికి నిలబడింది దీని మీద. అర నుంచి ఐదు దాకా పది మెట్లు. లెక్కకి పదికి వేసినట్టే, కానీ బడి వాసన లేదు. "రెండున్నర" రాయడానికి చెయ్యి వెనక్కి తియ్యదు. అయితే ఊరికే వేస్తే ఇది కూడా పాత దారే పడుతుంది. ఒక్కో అంకెకి ఒక పని కట్టాలి. ఎంత నచ్చిందని కాదు, ఏం చేస్తానన్నదాన్ని బట్టి వెయ్యాలి.

నా పుస్తకం మొదటి పేజీలో ఇలా రాసుంది. ఐదు అంటే నా డబ్బు పెట్టి మళ్లీ థియేటర్‌కి వెళ్తాను. నాలుగు అంటే ఎవరైనా వెళ్తుంటే వాళ్లతో మళ్లీ వెళ్తాను. మూడు అంటే టీవీలో వస్తుంటే ఛానల్ మార్చను. రెండు అంటే రెండు మూడు సీన్లు మాత్రం యూట్యూబ్‌లో వెతికి చూస్తాను. ఒకటి అంటే పేరు వినబడితే మాట మారుస్తాను. ఇలా కట్టుకున్నాక మూడు మూడుగానే ఉంటోంది. కోపంలో వేసినా, సంబరంలో వేసినా పెద్దగా జరగడం లేదు.

మీ అంకెలకి మీ పనులు మీరే రాసుకోండి. నావి మీకు సరిపడవు. మా పక్కింటాయన సినిమా ఎంత నచ్చినా రెండోసారి చూడరు. నా లెక్కలో ఆయనకి ఐదు రావడమే కుదరదు.

బొటనవేలు

నచ్చింది, నచ్చలేదు, అంతే. ఇది మరీ మొరటని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను, నెట్‌ఫ్లిక్స్ ఏం చేసిందో తెలిసేదాకా. వాళ్లు ప్రేక్షకులు ఇవ్వబోయే నక్షత్రాలని ముందుగా ఊహించే లెక్కని పది శాతం మెరుగుపరిచినవాళ్లకి పది లక్షల డాలర్లు ఇస్తామని 2006లో పోటీ పెట్టి, 2009లో నిజంగానే ఇచ్చారు. 2017కి వచ్చేసరికి ఆ నక్షత్రాలనే తీసేసి బొటనవేలు పెట్టారు. జనం మంచి డాక్యుమెంటరీకి ఐదు నక్షత్రాలిచ్చి, రాత్రి ఇంటికొచ్చి చూసేది మాత్రం తాము మూడిచ్చిన కామెడీ అని వాళ్లు గమనించారు. నక్షత్రం గౌరవానికి ఇస్తున్నారు, ఇష్టానికి కాదు. పైగా బొటనవేలు పెట్టి చూసినప్పుడు రేటింగ్ ఇచ్చేవాళ్లు మూడింతలయ్యారని కూడా చెప్పారు. 2022లో రెండు బొటనవేళ్ల గుర్తు కూడా చేర్చారు, "నచ్చింది" వేరు, "చాలా నచ్చింది" వేరు కాబట్టి.

ఇది చదివాక నా పుస్తకం తీసి చూసుకుంటే మనసు చివుక్కుమంది. అవార్డులొచ్చిన సినిమాలకి నాలుగేసి ఇచ్చి, ఒక్కటి కూడా మళ్లీ చూడలేదు. అంకెలకి పనులు కట్టుకోవడం అప్పుడే మొదలుపెట్టాను.

బొటనవేలు పద్ధతి ఇంట్లో పెద్దవాళ్లకీ, పిల్లలకీ బాగా నప్పుతుంది. మా అమ్మకి ఐదుకి ఎంత అంటే ఆలోచనలో పడుతుంది. "బాగుందా, లేదా" అంటే వెంటనే చెప్తుంది, కారణం కూడా తనే చెప్తుంది.

అదే సగటు, వేరే సినిమా

ఇతరుల రేటింగులు చూసి ఎంచుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడ. కాబట్టి కాస్త నింపాదిగా చెప్తాను.

పదిమంది ఒక సినిమా చూశారు. పదిమందీ పదికి ఆరు ఇచ్చారు. సగటు ఆరు. ఇంకో సినిమాకి ఐదుగురు పదేసి, ఐదుగురు రెండేసి ఇచ్చారు. సగటు మళ్లీ ఆరే. మొదటి సినిమాకి మీరు వెళ్తే ఏ గొడవా ఉండదు, ఏదో కాలక్షేపం అవుతుంది. రెండోదానికి వెళ్తే కుర్చీలోంచి లేవబుద్ధి కాకుండా ఉంటుంది, లేదా ఇంటర్వెల్‌లో బయటికి వచ్చేస్తారు. ఈ రెండూ ఒకే సినిమా అని సగటు చెప్తోంది.

విమర్శకుల రివ్యూలని కలిపి చూపించే రాటెన్ టొమాటోస్ సైట్‌లో శాతం వేరే సంగతి. అక్కడ టొమాటోమీటర్ అంటే ఎంతమంది విమర్శకులు "బాగుంది" వైపు ఉన్నారన్న లెక్క. అరవై శాతం, ఆ పైన ఉంటే ఎర్ర టొమాటో, తగ్గితే కుళ్లిన పచ్చ మరక. విమర్శకులందరూ "ఫర్వాలేదు, చూడొచ్చు" అన్న సినిమాకి అక్కడ నూటికి నూరు వస్తుంది. దాన్ని చూసి మహాద్భుతం అనుకుని వెళ్తే నిరాశే. సగం మంది నెత్తిన పెట్టుకుని సగం మంది తిట్టిన సినిమాకి యాభై వస్తుంది. చాలాసార్లు నాకు అలాంటివే ఎక్కువ గుర్తుండిపోతాయి. అలాంటిదే ఇంకో సైట్ మెటాక్రిటిక్, లెక్క మాత్రం దీనికి భిన్నం. అది విమర్శకుల మార్కులని నూటికి మార్చి, కొందరి మాటకి బరువు ఎక్కువిచ్చి సగటు తీస్తుంది. కాబట్టి ఒకచోట ఎనభై, ఇంకోచోట ఎనభై కనబడితే ఆ రెండూ ఒకటి కాదు. హాలీవుడ్ సినిమాలకి ఈ రెండూ బాగా పనికొస్తాయి. తెలుగు సినిమాలకి అక్కడ లెక్కలోకొచ్చే రివ్యూలే తక్కువ, దాని మీద ఆధారపడొద్దు.

ఐఎమ్‌డీబీ 1990లో సినిమా పిచ్చి ఉన్నవాళ్లు కంప్యూటర్లలో పెట్టుకున్న జాబితాగా మొదలై, 1998 నుంచి అమెజాన్ చేతిలో ఉంది. అక్కడ కనబడే అంకె అందరి ఓట్ల మామూలు సగటు కాదు. దొంగ ఓట్లు పడకుండా వాళ్లేదో బరువులు వేసి లెక్కగడతారు, ఆ లెక్క బయటికి చెప్పరు. అయినా పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు అక్కడ జరిగేది మనందరికీ తెలిసిందే. ఒక వర్గం పదులు గుద్దుతుంది, ఇంకో వర్గం ఒకట్లు గుద్దుతుంది.

అందుకే అంకె మీద ఆగిపోకండి. దాని మీద నొక్కితే ఎన్ని ఓట్లు ఎక్కడ పడ్డాయో చూపించే గీతలు వస్తాయి. అసలు కథ అక్కడుంది. పది దగ్గర ఒక తాటిచెట్టు, ఒకటి దగ్గర ఇంకో తాటిచెట్టు, మధ్యలో బీడు ఉంటే అది అభిమానుల కొట్లాట, సినిమా గురించి మీకేమీ తెలియలేదన్నమాట. ఏడు, ఎనిమిది దగ్గర గుట్టలా పెరిగి రెండువైపులా మెల్లగా తగ్గుతుంటే జనం నిజంగా చూసి వేసిన మార్కులు. రెండు వారాలాగి చూస్తే చాలా సినిమాలకి ఆ గుట్ట మెల్లగా పుట్టుకొస్తుంది.

మన మాట ఎక్కడ పెట్టాలి?

పుస్తకమే మేలని నేనంటే ఆశ్చర్యపోకండి. కానీ అందరికీ పుస్తకం కుదరదు.

ఫోన్లోనే కావాలనుకునేవాళ్లకి లెటర్‌బాక్స్‌డ్ అనే యాప్ మంచిది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో 2011లో మొదలైంది. ఐదుకి అరలతో వేస్తారు, నక్షత్రాలు కాకుండా విడిగా ఒక గుండె గుర్తు కూడా ఉంటుంది. ఈ గుండె గుర్తే దాని గొప్ప. "మంచి సినిమా" అన్నదీ "నాకిష్టమైన సినిమా" అన్నదీ విడదీసి పెట్టుకోవచ్చు. రెండున్నర ఇచ్చి గుండె పెట్టిన సినిమాలు నాకు పది దాకా ఉన్నాయి. ఏ తేదీన చూశారో, మొదటిసారా రెండోసారా కూడా అక్కడ రాసుకోవచ్చు. మొత్తం జాబితాని ఫైలుగా దించుకోవచ్చు కూడా. ఏళ్ల తరబడి రాసుకునేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. యాప్ మారినా మన రాత మనతో రావాలి. పాత తెలుగు సినిమా కనబడకపోతే కంగారుపడకండి. వాళ్లు సినిమాల వివరాలు టీఎమ్‌డీబీ అనే సినిమా సమాచారాల సైట్ నుంచి తెచ్చుకుంటారు, అక్కడ మనమే చేర్చవచ్చు. సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు ఎక్కువ చూసేవాళ్లకి మాత్రం ఇది సరిపోదు.

బుక్‌మైషోలో రేటింగ్ మన ఊళ్లో ఈ వారం ఏం ఆడుతోందో చూసేటప్పుడే కనబడుతుంది కాబట్టి ఎక్కువమంది మీద దాని ప్రభావం ఉంటుంది. అక్కడే టికెట్ కొన్నవాళ్ల రివ్యూ పక్కన ఆ సంగతి తెలిపే గుర్తుంటుంది. నేను వాటినే చదువుతాను. మనం రాసేటప్పుడు కూడా అంకె ఒక్కటే నొక్కి వదిలెయ్యకుండా రెండు వాక్యాలు రాస్తే, శనివారం రాత్రి ఏదో ఒకటి బుక్ చేద్దామని చూసే కుటుంబానికి అది నిజంగా పనికొస్తుంది.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ సంగతి వేరు. అక్కడ నేను అంకెలు పూర్తిగా మానేశాను. కారణం పైనే చెప్పాను.

ఇక పుస్తకం. నాది మామూలు రూళ్ల లాంగ్‌బుక్. ఒక్కో సినిమాకి ఆరేడు గీతలు. పేరు, తేదీ, ఏ ఆట, ఎవరితో వెళ్లాను, మార్కు. తర్వాత ఒకే ఒక్క సీను. పోయిన జూన్‌లో రాసుకున్నది ఒకటి ఇక్కడ పెడతాను: "ఆదివారం మ్యాట్నీ. అక్కయ్య, పిల్లలు. మూడు. బస్టాండులో తండ్రి కొడుకు చేతిలో డబ్బులు పెట్టి, మళ్లీ ఒక నోటు వెనక్కి తీసుకుని, ఛార్జీకి చూసుకుని, మళ్లీ ఇచ్చేశాడు. అక్కయ్య ఏడ్చింది. సెకండాఫ్‌లో రెండు పాటలు తీసేస్తే మూడున్నర." ఆ సినిమా కథ నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఆ నోటు మాత్రం గుర్తుంది. యాప్‌లో అయితే మూడు నక్షత్రాలే మిగిలేవి.

ఎప్పుడు చెప్పాలి?

థియేటర్ మెట్లు దిగుతూ చెప్పేది, రెండ్రోజుల తర్వాత చెప్పేది ఒకటి కాదు. రెండిటికీ విలువ ఉంది, కానీ కలపకూడదు.

మెట్లమీద మాట అంటే మన మార్నింగ్ షో టాక్. అమెరికాలో దాన్ని ఒక పద్ధతిగా చేసే సంస్థ ఉంది, సినిమాస్కోర్. 1979 నుంచి విడుదల రోజు థియేటర్లలో ప్రేక్షకులకి కార్డులిచ్చి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు వేయించుకుంటోంది. మొదటి రోజు వచ్చేవాళ్లు అప్పటికే ఆ సినిమా మీద మనసు పడ్డవాళ్లు కాబట్టి గ్రేడులు పైనే ఉంటాయి. అక్కడ బి వచ్చినా నిర్మాతకి గుబులే. మన దగ్గరా అంతే. ఫ్యాన్స్ షోలో "యావరేజ్" అన్న మాట వచ్చిందంటే అది చాలా పెద్ద మాట. పైగా తెలుగు సినిమాలకి అమెరికాలో ప్రీమియర్లు ముందురోజు సాయంత్రమే పడతాయి. మనం ఇక్కడ పళ్లు తోముకునేసరికి డల్లాస్ నుంచి మా తమ్ముడి మెసేజ్ వచ్చి ఉంటుంది. వాడు చెప్పేది అబద్ధం కాదు. కానీ పనంతా ముగించుకుని గంటన్నర డ్రైవ్ చేసుకెళ్లి, నాలుగొందల మంది తెలుగువాళ్ల మధ్య ఈల వేస్తూ చూసిన సినిమా అది. మంగళవారం మధ్యాహ్నం సగం ఖాళీ హాల్లో నేను చూసేది అది కాదు.

ఈ మొదటి మాట బలమెంతంటే, కేరళలో అది హైకోర్టు దాకా వెళ్లింది. విడుదలైన 48 గంటల దాకా రివ్యూలు పెట్టకుండా చూడమని కోర్టుకి సాయంగా నియమించిన న్యాయవాది 2024లో సూచించారు. నాకది ఒప్పుదలగా లేదు. టికెట్ కొన్నవాడికి నోరు తెరిచే హక్కుంది. కానీ మనంతట మనం ఒక రాత్రి ఆగడం వేరు. నేను మెట్లమీద మాట చెప్తాను, మార్కు మాత్రం మర్నాడు రాస్తాను. క్లైమాక్స్ బాగుంటే ముందు రెండు గంటల సాగతీత ఆ రాత్రికి మర్చిపోతాం. పొద్దున్నే గుర్తొస్తుంది. ఎక్కువసార్లు అర మార్కు తగ్గుతుంది. ఎప్పుడో ఒకసారి, ఇంటికొచ్చి పడుకున్నాక కూడా వదలని సినిమాకి, అర మార్కు పెరుగుతుంది. అలాంటివి గుర్తుపెట్టుకోండి.

వెళ్లాలా అని అడిగినవాళ్లకి

వాళ్లకి మూడే జవాబులు: థియేటర్లో చూడు, ఇంట్లో చూడు, వదిలెయ్. మా ఇంట్లో నలుగురం మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్లు, పాప్‌కార్న్, ఆటో కలిపి రెండు వేలు దాటుతుంది. చాలా సినిమాలు నెలా రెండు నెలల్లో ఓటీటీకి వచ్చేస్తున్నాయి. కాబట్టి "బాగుందా" అన్న ప్రశ్నకంటే "అక్కడికెళ్లి చూడాలా" అన్నదే పెద్ద ప్రశ్న. పెద్ద తెర, సౌండ్ ఉంటేనే పండే సినిమాలున్నాయి. ఇంట్లో, మధ్యలో ఆపుకుంటూ, భోంచేస్తూ చూస్తేనే బాగుండేవీ ఉన్నాయి. రెండోరకం తక్కువ సినిమాలేం కావు.

ఈ మూడింట్లో ఒకటి చెప్పాక, అడిగినవాళ్లని బట్టి ఒక వాక్యం. పిల్లలున్నవాళ్లకి ముందు సెన్సార్ సర్టిఫికెట్ చెప్పండి. 2024 నవంబర్ నుంచి యూఏని వయసుల వారీగా 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. యూఏ అంటే ఏదో ఒకటిలే అనుకునే రోజులు పోయాయి. ఆరేళ్ల పిల్లాడితో యూఏ 16+ సినిమాకి వెళ్తే మధ్యలో లేచి రావాల్సి రావచ్చు. పెద్దవాళ్లకి నెత్తురెంతో, నిడివి ఎంతో చెప్పండి. మూడు గంటలు దాటే సినిమా మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వేరే సంగతి. ఏడవడానికి సిద్ధంగా లేనివాళ్లకి ఏడిపిస్తుందని చెప్పండి. బాబాయి చనిపోయిన ఏడాది మా పిన్ని ఆసుపత్రి సీన్లున్న సినిమాలేవీ చూడలేదు. ఆ సంగతి చెప్పే రేటింగ్ ఎక్కడా లేదు. మనుషులే చెప్పాలి.

స్పాయిలర్ గురించి నాదొక హద్దు: ఇంటర్వెల్ దాటి ఒక్క ముక్క చెప్పను. నెత్తురుంది, చావుంది అని చెప్తే కథ చెప్పినట్టు కాదు. ఎవరు చస్తారో చెప్తేనే కథ చెప్పినట్టు.

మార్కు మార్చవచ్చా?

మార్చవచ్చు, పాతది కొట్టెయ్యకుండా. "ఖలేజా" 2010 అక్టోబర్‌లో వచ్చినప్పుడు థియేటర్లలో నిలబడలేదు. ఆ తర్వాత టీవీలో వేసిన ప్రతిసారీ ఇంకొంతమంది దానికి దగ్గరయ్యారు. అందులో మాటలు ఇళ్లల్లో వాడుకలోకొచ్చాయి. 2025 మే నెలలో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండాయి. సినిమా అదే. 2010లో దానికి రెండు ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్పలేదు, ఇప్పుడు నాలుగు ఇస్తున్నవాళ్లూ చెప్పడం లేదు. అప్పట్లో పెద్ద యాక్షన్ సినిమా అనుకుని వెళ్లినవాళ్లకి దొరికింది వేరు.

అందుకే నా పుస్తకంలో పాత మార్కు మీద ఒక గీత గీసి, పక్కన కొత్తది, దాని కింద తేదీ వేస్తాను. కొన్ని సినిమాలకి మూడు గీతలున్నాయి. యాప్‌లో అయితే మళ్లీ చూసిన రోజు విడిగా ఎక్కించండి, పాత నక్షత్రాలని మార్చకండి. సంవత్సరం చివర మంచి సినిమాల జాబితా వేసుకునేవాళ్లు మాత్రం మార్కులు కూడి చూడొద్దు. రెండు రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి "ఇవాళ రాత్రి ఒక్కటే చూడొచ్చంటే ఏది?" అని అడుక్కుంటూ వెళ్లండి. గంటలో పని అయిపోతుంది, అంకెలు చెప్పని వరస వస్తుంది. పోయిన డిసెంబరులో నా జాబితాలో మొదట నిలిచినదానికి నేనిచ్చింది మూడున్నరే.

మొన్న శుక్రవారం ఇంకో సినిమా చూసి, శనివారం పొద్దున్న పెద్దమ్మకి నేనే మెసేజ్ పెట్టాను: "థియేటర్లోనే చూడు. రెండుంపావు గంటలు. ఒక్క కొట్లాట, నెత్తురు లేదు. చివర అరగంట ఏడుపొస్తుంది, కానీ మంచి ఏడుపు. కింది క్లాసులో కూర్చో, మెట్లుండవు." పది నిమిషాల్లో జవాబొచ్చింది: "రేపు మ్యాట్నీకి రెండు టికెట్లు చెయ్యి. నువ్వూ రా."